గుడిల గట్టిన తొట్టెల

నాచారంల మేమున్న కాలనీ ఎనుక ఒక పాత రాతిగుడి ఉండె. లోపల దేవుడు లేడు, ఎప్పుడో పోయిండు. గద్దె ఒక్కటే మిగిలింది. బయట సర్కారోళ్ల నీలం బోర్డు, ఇది రక్షిత కట్టడం, ముట్టుకుంటే శిక్ష అని. ఆ బోర్డు మీదనే మా వాడకట్టోళ్లు బట్టలు ఆరేసేది.

దేవుడు లేకున్నా ఆడోళ్లు పోవుడు బంద్ చెయ్యలే. పిల్లలు కానోళ్లు పాత చీర పేలిక చింపి, చిన్న తొట్టెల లెక్క చేసి, అండ్ల ఒక గులకరాయి పండవెట్టి, మండపం దూలానికి కట్టేటోళ్లు. కట్టిన సంగతి ఇంట్ల మొగోనికి చెప్పొద్దు. కడుపు పండినంక బిడ్డను సంకనేసుకొని వచ్చి ఎవరి తొట్టెల వాళ్లే విప్పుకోవాలె. పక్కింటి వదిన అట్లనే విప్పుకున్నది.

నేనూ కట్టిన. పెండ్లినాటి పచ్చ చీర కొంగు చింపి కట్టిన. దవాఖానాలు తిరిగి తిరిగి, గోలీలు మింగి మింగి, ఇగ దేనిమీద నమ్మకం లేక కట్టిన. కట్టినంక, సిగ్గులేని మనసు, మళ్ల ఆశపడ్డది. కూరగాయలకు పోయినా, పిండి గిర్నికి పోయినా గుడి ముందల్నుంచే పోయేదాన్ని. నా పచ్చ పేలిక కనవడితే ఆ పూటకు నిమ్మళం.

తెలంగాణ లొల్లి మస్తుగ నడుస్తున్న రోజులవి. బందులతోని మల్లాపూర్ల మా ఆయన పనిచేసే కంపెనీ నడిస్తే నడిచె, లేకుంటే లేదు. ఇంట్ల ఖాళీగ కూసున్న మొగోళ్లంత కలిసి కాలనీ కమిటీ పెట్టుకున్నరు. గుడిల తాగుబోతులు చేరుతున్నరు, పిల్లలు ఆడుకునే జాగ లేదు, దాన్నే పిల్లల పార్కు చేద్దమన్నరు. బోర్డు సంగతేందని ఒకరిద్దరు అడిగితే, "బోర్డు పెట్టినోడు మళ్ల మొఖం సూపిచ్చిండా?" అన్నరు. అందరికంటె ముందలున్నది మా ఆయనే.

ఒకనాడు పగటి అన్నానికి వచ్చిండు, నెత్తినిండ దుమ్ము. ఏనాడూ అంత మాట్లాడనోడు అన్నం కలుపుకుంట మొదలువెట్టిండు. "మస్తు సాఫ్ జేసినం. దూలానికి ఏందో చింపిరి పేలికలు, బూజుపట్టి ఉండె. నేనే ఎక్కి కోసిన. చెత్తల కలిపి అంటువెట్టినం."

నా చేతిల చారు గంటె ఉంది. "అన్నిట్నా?" అన్న.

"ఒక్కటి గూడ ఇడిషిపెట్టలే" అన్నడు, సంబురంగ.

ఆ గంటెతోనే నెత్తి పలగ్గొడుదామనిపిచ్చింది. కానీ ఏమని కొడుత? చెప్పొద్దన్న ముచ్చట చెప్పకుంట ఎట్ల కొడుత? చారు పోసిన. తిన్నడు.

పార్కు మొదలైన ఆదివారం రానంటే ఇనలే, చెయ్యి పట్టి తోలుకపోయిండు. రాతి స్తంభాలకు ఎర్రరంగు, పసుపురంగు పూసిన్రు. గద్దె మీదినుంచి ప్లాస్టిక్ జారుడుబండ దించిన్రు. మేము తొట్టెలలు కట్టిన దూలానికే ఇనుప గొలుసులేసి ఉయ్యాల. పిల్లలు బారుగట్టి నిలవడ్డరు. మా ఆయన చెమటలు కారంగ ఒక్కొక్కర్ని ఊపుతున్నడు, పేరుపెట్టి పిలుసుకుంట. కాలనీల పిల్లలందరి పేర్లు ఆయనకు వస్తయని నాకు ఆనాటిదాక తెల్వదు.

నాకు ఆడ నిలవడ శాత కాలే. "ఇగ ఇంటికి పోదం పా" అన్న.

నా దిక్కు సూడలే. "జర ఆగు" అన్నడు. "మనకెట్లాగు పిల్లలు కారు. ఈళ్లన్నా రోజూ కండ్లముందల ఉంటరనే గదా ఇదంత చేసింది."

మనకెట్లాగు కారు. డాక్టర్లన్నరు, సుట్టాలన్నరు గని ఆ మాట మా ఇద్దరి నడుమ ఏనాడూ రాలే. నేను పచ్చ పేలిక కట్టిన నాటికే ఆయన ఆశ ఇడిషిపెట్టుకున్నడు. నాకు చెప్పలే. నేను కట్టింది ఆయనకు చెప్పలే. నా తొట్టెల కోసిండని ఏడ్వాల్నో, ఆయన ఎప్పుడో ఒక్కడే ఏడ్సుకున్నడని ఏడ్వాల్నో నాకు తెల్వలే. పిల్లలంత ఇండ్లకు పోయేదాక ఆ గుడి మెట్లమీదనే కూసున్న.