భాష పోలేదు, తెలుగు మాట్లాడుతోంది

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ తల్లి నోరు ఎప్పుడూ మూతపడదని మనవలు ఆమెను "రేడియో" అని పిలిచేవారు. కూతురింటికి, ఆ పరాయి దేశానికి వచ్చి చాలా ఏళ్లయినా అక్కడి మాట ఒక్కటీ ఆమె నోటికి పట్టలేదు. పట్టించుకోనూ లేదు.

ఒకరోజు మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు కూతురు పని ముగించుకుని వార్డుకు వెళ్లేసరికి, ముసలామె రెండు చేతులూ మంచం ఊచలకు గుడ్డతో కట్టేసి ఉన్నాయి. పెదాలు ఎండిపోయాయి.

"ఏంటమ్మా ఇది?"

"నా నోరు కట్టలేక చేతులు కట్టారే! దాహం దాహమని గొంతు చించుకున్నా. ఎవడో వచ్చి కంట్లో లైటేసి పోయాడు."

కూతురికి ఒళ్లు మండిపోయింది. విసవిసా వెళ్లి నర్సుని వాళ్ల భాషలోనే నిలదీసింది.

"ఆవిడకి భాష లేదండి," అంది నర్సు. "ఏదో గొణుగుతోంది. సెలైన్ గొట్టం పీకబోయింది. మత్తుకి బుర్ర చెదిరిందని డాక్టరుగారు కట్టమన్నారు."

"భాష లేకపోవడమేంటి? నీళ్లడిగింది. తెలుగులో అడిగింది!"

"అదేగా, భాష రాదనే అంటున్నా."

"మీ భాష రాదనండి, ఒప్పుకుంటా. భాషే లేదంటే మనిషికి మాటే లేదని! మీ దానికి పేరున్నట్టే మా దానికీ ఉంది. తెలుగు. ఆవిడది ఏ భాషో అడగడానికైనా నాకు ఫోన్ చేయాల్సింది. అడగలేదు, పశువుని కట్టినట్టు కట్టేశారు!"

గొడవ విని డాక్టరొచ్చాడు. "అరవకండి, పక్కన పేషెంట్లున్నారు."

"మా అమ్మ అరిస్తే గొణుగుడు. నేను మీ భాషలో అరిస్తే వినబడిందా?"

ఆమె తనే ముడులు విప్పి నీళ్లు పట్టింది. ముసలామె నాలుగు గుక్కలు తాగి డాక్టరు వంక చూసింది. "వీడేనే, లైటు!"

"ఏమంటున్నారు?" అన్నాడతను.

"మిమ్మల్ని గుర్తుపట్టింది. బుర్ర బాగానే ఉంది."

ఆసుపత్రివాళ్లు వెతికితే కాసేపటికే తెలుగు వచ్చినతను ఒకడు ఫోన్లో దొరికాడు. అంత తేలిగ్గా దొరికినందుకు కూతురి కోపం రెట్టింపైంది.

"పొరపాటు జరిగింది, క్షమించండి," అన్నాడు డాక్టరు.

"నాకెందుకు? ఆవిడకి చెప్పండి."

ఫోన్లో అతను ఆ మాటే తెలుగులో చెప్పాడు. ముసలామె మొహం చిట్లించింది. "అవన్నీ తర్వాత నాయనా! దుప్పటి తడిసి చస్తున్నా. ముందది మార్చమను."

దుప్పటి మార్చేదాకా కూతురు చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది. క్షమించానని మాత్రం అనలేదు.