నాయుడు బిగించిన చుక్కాని

కోవిడ్ సద్దుమణిగిన తరువాతి వేసవిలో, బిలాస్‌పూర్ రైల్వే వ్యాగన్ షెడ్డులో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా ఉన్న నాకు ఇంకో పని తగిలించారు. రతన్‌పూర్ దారిలోని జలాశయంలో మా ఉద్యోగుల పిల్లలు నడిపే రెండు తెరచాప పడవల మరమ్మతు. షెడ్డు పనికే నడుం పడిపోతోంది. అయినా అందరూ వద్దన్న పని చివరికి నా నెత్తికే చుట్టుకోవడం నాకు కొత్త కాదు. సాయానికి ఫిట్టరు అప్పలనాయుడిని తీసుకున్నాను. ఒక పడవ నడిపేది అతని కూతురు లావణ్యే. ఆ జలాశయంలోనే జరిగే రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ దగ్గరపడింది. వయసు రీత్యా ఆ అమ్మాయికి అదే ఆఖరి అవకాశం.

ఆ పడవల చుక్కానికి పైన తల, దాని రెండు రేకుల మధ్య కింద పలక ఉంటాయి. రెంటినీ కలిపేది ఒక్క బోల్టు. నీళ్లలో రాయో మోడో తగిలితే పలక ఆ బోల్టు మీద తిరిగి వెనక్కి లేస్తుంది. దాటాక తాడు లాగి దించుకోవాలి. అందుకే బోల్టు కాస్త వదులుగా ఉండాలి. సందులో ఇసుక కడిగి, ఆరబెట్టి, జిగట లేని సిలికాన్ స్ప్రే మాత్రమే కొట్టాలి. పిల్లలకు పడవ నడపడం నేర్పే శిక్షకుడు మాకిద్దరికీ ఇదంతా చెప్పే వెళ్ళాడు.

వ్యాగన్ల దగ్గర ముదిరిన చేతికి ఇది ఎక్కదు. మా షెడ్డులో తిరిగే చోటల్లా గ్రీజు, ఊగే చోటల్లా స్పానరు. నేను ఇన్‌స్పెక్షన్ పని మీద బిల్హా వెళ్ళిన రోజున నాయుడు రెండు చుక్కానుల్లోనూ గ్రీజు కూరి, బోల్టులు ఆఖరి మర దాకా బిగించేశాడు.

పోటీ ముందురోజు సాధనలో, నీళ్లు తగ్గి పైకొచ్చిన ఓ చెట్టు మోడు తగిలింది. గ్రీజుకు ఇసుక పట్టి బిగుసుకున్న పలక లేవలేదు. చుక్కాని తల చీలి, పడవ ఒరిగి, లావణ్య నీళ్లలో పడింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మోచేయి గీరుకోవడంతో సరిపోయింది. నాయుడిని తిట్టే ఓపిక కూడా నాకు లేకపోయింది.

"ఊడిపోతాదేమోనని బిగించాను బాబూ. పిల్ల ఎక్కుతాది గదా," అన్నాడు.

పోటీకి దిగని రెండో పడవ చుక్కాని విప్పి, గ్రీజంతా కిరసనాయిలుతో తీసి, సబ్బుతో కడిగి ఈ పడవకు అమర్చాం. బోల్టు దగ్గర నాయుడి చెయ్యి ఆగలేదు. లావణ్య తండ్రి చేతిలోని స్పానరు పట్టుకుని, అక్కడి హిందీ కలిపి, "పాపా, బస్. ఇంక తిప్పకు," అంది. పలకను అరచేత్తో కొట్టి, అది లేవడం అతనికి చూపించింది.

పోటీలోనూ మోడు తగిలింది. పలక లేచింది. తాడు లాగి దించుకుని లావణ్య గీత దాటింది. ఆ కాస్త ఆలస్యానికి నాలుగో స్థానం వచ్చింది, తీసుకునేది ముగ్గురినే. నాయుడు ఆమె మోచేతి కట్టు ఒకసారి చూసుకుని, "పద, ఇంటికెల్దుం," అన్నాడు.

రిటైరయ్యే దాకా షెడ్డుకు ఏ కొత్త వస్తువు వచ్చినా, ఎంత బిగించాలని అడిగే ముందు, దెబ్బ తగిలితే ఇది ఏం చెయ్యాలని అడిగేవాణ్ణి. ఫిట్టర్లు విసుక్కునేవారు. నాయుడు మాత్రం స్పానరు కింద పెట్టి, జవాబు వచ్చేదాకా ఆగేవాడు.