ఫోటో కోసం ముస్తాబైన గుమ్మం

మా నూజివీడులో మంచి గోడ ఒకటి ఖాళీగా కనిపిస్తే చాలు, దానికో ఫ్లెక్సీ కట్టేదాకా మనవాళ్ళకి నిద్ర పట్టదు. పుట్టినరోజు ఫ్లెక్సీ, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ, పండగ శుభాకాంక్షలు, పోయినవాళ్ళకి కన్నీటి నివాళి. మధ్యలో దండం పెడుతూ ఒక నాయకుడు, ఆయన చుట్టూ తపాలా బిళ్ళల్లాగా బోలెడు మొహాలు. ఆ మొహాల్లో సగం మా స్టూడియోలో నేను తీసినవే. నాకు ఇంకా మంట అందుకే.

పెళ్ళిళ్ళ సీజన్లో పెళ్ళిళ్ళు తీస్తాను, మిగతా రోజుల్లో పాస్‌పోర్ట్ సైజులు. ఆదివారం పొద్దున మాత్రం నా సొంత పని. మా పేటలో ఇళ్ళు తీస్తాను. పాతవీ తీస్తాను, కొత్తవీ తీస్తాను. కొత్తిళ్ళ మీద నాకు పగేం లేదు, ఎవరి ముచ్చట వాళ్ళది. కానీ కెమెరా పట్టుకుని పెంకుటింటి ముందు నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి "ఈ పాత కొంపలెందుకండీ, మా ఎలివేషన్ తియ్యండి, లైట్లు మూడు రంగుల్లో వెలుగుతాయి" అంటారు. అలా ఒకాయన పట్టుబట్టి పిలిస్తే వెళ్ళాను. ముందువైపు బాల్కనీ అయితే ఉంది, దాంట్లోకి వెళ్ళడానికి తలుపు లేదు. ఇదేంటండీ అంటే "అది లుక్ కోసమండీ" అన్నాడు. లుక్కట! వాళ్ళ తాత కట్టిన అరుగు మీద దారిన పోయే వాళ్ళెవరైనా ఎండకి కాసేపు కూర్చునేవాళ్ళు. దాన్ని పగలగొట్టి ఈ తలుపులేని బాల్కనీ కట్టాడు మహానుభావుడు. అయినా తీశాను, అదీ మా పేటలో ఇల్లే కదా.

మా నాన్న తాపీమేస్త్రి. డంగు సున్నంతో గుమ్మాల పైన గార బొమ్మలు చేసేవాడు. చిలకలు, లతలు, అన్నిటికంటే ఎక్కువ మామిడి గుత్తులు. ఇక్కడ తోటలున్న ప్రతివాళ్ళకీ గుమ్మం మీద మామిడి గుత్తి ఉండాల్సిందే. కుర్రతనంలో పరంజా మీంచి పడి ఆయన కుడి బొటనవేలు విరిగింది, వంకరగా అతుక్కుంది. తడి సున్నంతో ఆకు చేసి, మధ్యలో ఆ వేలితోనే నొక్కేవాడు. అందుకని ఆయన చేసిన ఏ ఆకు చూసినా నొక్కు ఎడమవైపుకి వాలి ఉంటుంది. ఏటా వెల్ల వేసినా ఆ వాలు పోదు. ముసునూరులో ఆయన చేసిన గుమ్మం ఒకటుండేది, ఆగిరిపల్లిలో ఒకటి. ఒకటి ఫంక్షన్ హాలైపోయింది, రెండోదాని చోట షట్టర్లు వచ్చాయి. పడగొట్టేముందు మాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. మేస్త్రి కూతురికి ఎవరు చెబుతారు?

మిగిలిందల్లా మా పేటలోనే, మామిడికాయల వ్యాపారం చేసే బాబాయ్ గారింటి గుమ్మం. చుట్టం కాదు, పిలుపు అంతే. నాన్న పోయాక ఆయన చేతిపని అంటూ ఈ భూమ్మీద కనిపించేది అదొక్కటే. ఆ ఆకుల్ని, ఆ వాలు కనిపించేలా, ఒక్క మంచి ఫోటో తీసుకోవాలి. నాక్కావలసింది అంతే.

నొక్కు కనిపించాలంటే వెలుగు పక్కనుంచి పడాలి. ఎదురుగా నాలుగంతస్తుల అద్దాల బిల్డింగ్ లేచాక ఆ గుమ్మానికి ఎండన్నది లేకుండా పోయింది. పిందెలు కట్టే రోజుల్లో మాత్రం ఆ బిల్డింగ్‌కీ పక్క మేడకీ మధ్య సందులోంచి పొద్దున్నే కాసేపు ఎండ ఏటవాలుగా వచ్చి తగులుతుంది. ఆ రోజుల కోసం ఏడాదంతా కాచుకుని కూర్చున్నాను. తీరా వెళ్ళేసరికి గుమ్మానికి అడ్డంగా ఫ్లెక్సీ! మామిడి గుత్తి ఉండాల్సిన చోట ఎవరిదో నల్ల కళ్ళజోడు.

"బాబాయ్ గారూ, మీ ఇంటికి ఎవరో మేకులు కొడుతుంటే మీరు కాఫీ తాగుతూ చూశారా?" అన్నాను.

"ఏం చెయ్యమంటావమ్మా, కుర్రాళ్ళు. వద్దంటే సీజన్లో మన లారీ సందులోకి రానివ్వరు. ఇంతకీ నీకేం కావాలి?"

"వచ్చే ఆదివారం పొద్దున గుమ్మం ఖాళీగా కావాలండి. నాన్న పని ఫోటో తీసి, పెద్దది చేసి స్టూడియోలో పెట్టుకుంటాను."

ఆయన మొహం చాటంతయింది. లోపలున్న పిన్నిగారికి వినబడేలా కేకేశారు. "విన్నావా, మనింటిని ఫోటో తీసి స్టూడియోలో పెడుతుందట!" మళ్ళీ నావైపు తిరిగి "నువ్వు నిశ్చింతగా వెళ్ళమ్మా, అన్నీ నేను చూసుకుంటాను" అన్నారు. ఫ్లెక్సీ తీయిస్తారు కదా అని సంబరంగా వచ్చేశాను. ఆ వారమంతా ఉంగుటూరులో పెళ్ళి పని, మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఆదివారం సందు మలుపు తిరగ్గానే ఎనామిల్ వాసన ముక్కుకి కొట్టింది. ఇంటిల్లిపాదీ గుమ్మం ముందు వరసగా నిలబడి ఉన్నారు. బాబాయ్ గారు ఇస్త్రీ చొక్కాలో, పిన్నిగారు పట్టుచీరలో, మనవరాలు జడగంటలతో. వాళ్ళ వెనక గుమ్మం తళతళలాడిపోతోంది. కాయలకి పసుపు, ఆకులకి పచ్చ, చిలక ముక్కుకి ఎరుపు, గోడకి వంకాయ రంగు. రంగొక్కటే అయితే గీకించుకుందును. ముందు పుట్టీ పట్టించారు! నొక్కులన్నీ పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశారు. సందులోంచి ఎండ నేను కోరుకున్నట్టే వచ్చి పడుతోంది. దానికి చూపించడానికి అక్కడ ఏమీ లేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నారు బాబాయ్ గారు. "ఆకులన్నీ గుంటలు గుంటలుగా ఉంటే మొత్తం సాపు చేయించాను."

"ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని?" అన్నాను.

పిన్నిగారు తెల్లబోయారు. "మాసిన బట్టలతో ఎవరైనా ఫోటో దిగుతారా అమ్మా? నీ స్టూడియోలో పౌడర్ డబ్బా, దువ్వెన పెట్టలేదూ? మీ నాన్నగారి పని పదిమంది చూసేది, నీకు చిన్నతనం కాకూడదని చేయించాం."

దుర్మార్గులైతే ఎంత బాగుండేది! నోరారా తిట్టి ఇంటికి పోయేదాన్ని. వీళ్ళు నా మీద ప్రేమతో చేశారు, మా నాన్న మీద గౌరవంతో చేశారు. మా ఊళ్ళో ఫోటో అంటే ముస్తాబే. అది తెలుసు కాబట్టే ఒళ్ళు ఇంకా మండింది. "మా నాన్నని పూడ్చేశారండీ మీరు!" అని అరిచాను. మనవరాలు బెదిరిపోయి నాయనమ్మ కొంగు పట్టుకుంది.

అప్పుడు కనిపించింది, గుత్తి కుడివైపు చివర ఒక చెక్క బద్ద. ఫ్లెక్సీ కట్టడానికి కొట్టింది. ఫ్లెక్సీ విప్పారు గానీ బద్ద అలాగే ఉంది.

"అదెందుకు ఉంచారు?"

"వచ్చే వారం ఇంకోటి కడతారటమ్మా. బద్ద తీయొద్దన్నారు కుర్రాళ్ళు. పెయింటర్ దాని చుట్టూ వేశాడు."

అరికాలి మంట నెత్తికెక్కింది. పెయింటర్ నిచ్చెన పక్కనే ఉంటే ఎక్కి, బద్దని రెండు చేతులతో పట్టి లాగాను. మేకుతో సహా ఊడి వచ్చింది. దాని వెనక ఒక్క ఆకు. వెల్ల పెచ్చులూడి, దుమ్ము పట్టి, మధ్యలో మేకు కన్నంతో ఉంది. ఎండ పక్కనుంచి పడుతోంది. నొక్కు ఎడమవైపుకి వాలి ఉంది. "నాన్నా" అన్నాను, పైకే. నిచ్చెన మీదే ఊపిరి బిగబట్టి ఫోటోలు తీశాను. ఏ ఫ్లెక్సీలనైతే రోజూ తిట్టుకుంటానో, వాటి బద్దే దీన్ని కాపాడింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఉక్రోషమే వస్తుంది.

బాబాయ్ గారు కిందనుంచి తలెత్తి చూశారు. "అయ్యయ్యో, ఆ ఒక్క ఆకూ మిగిలిపోయిందే! ఉండమ్మా, ఇప్పుడే ఫోన్ చేస్తాను. సాయంత్రానికల్లా దాన్నీ సాపు చేయించేస్తాను."

ఇంకేం చెప్పను? అరవడం కూడా అయిపోయింది కదా.

"సుత్తి ఇలా ఇవ్వండి బాబాయ్ గారూ," అన్నాను.

"ఎందుకమ్మా?"

"బద్ద తీయొద్దన్నారన్నారుగా కుర్రాళ్ళు."

ఆయన లోపల్నుంచి సుత్తి తెచ్చి అందించారు. బద్దని మళ్ళీ ఆకుకి అడ్డంగా ఆనించి, మేకుని ఆ పాత కన్నంలోకే పెట్టి కొట్టాను. నాన్న ఆకులోకి మేకు దిగుతుంటే దెబ్బదెబ్బకీ ఏడుపొచ్చింది. గట్టిగా దిగేదాకా కొడుతూనే ఉన్నాను.