బ్యాటరీకి పెట్టిన దిష్టి చుక్క

కంచరపాలెంలో మా వీధిలో ఎవరింట పసిబిడ్డ పుట్టినా కాటుక మా అత్తే పెట్టేది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టి, మళ్లీ ఆముదంతోనే నూరేది. మా ఆయన కరెంటు ఆటో కొన్నప్పుడూ ఊరుకోలేదు. బ్యాటరీ పెట్టె మీద, వైర్లు బిగించే చోటుకు పక్కనే, ఇంత చుక్క పెట్టింది.

వానలు పడకముందే బ్యాటరీ చచ్చింది. ఆ బ్యాటరీ అమ్మినవాడు మా వీధివాడే. ఆ చుక్కను జనం ముందు వేలితో చూపించాడు.

"మసంటే కార్బనే కదేటి. కరెంటు లాగీసింది. మీ అత్త సేత్తోనే సచ్చింది బేటరీ, నానేటి సేత్తాను?"

వారంటీ ఎగ్గొట్టడానికి అన్న మాట వీధంతా తిరిగింది. ముసలామె చెయ్యి మంచిది కాదన్నారు. బిడ్డల్ని తీసుకురావడం మానేశారు. అత్త పళ్లెం అటకెక్కించేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వాడి పరువు నలుగురిలో తీస్తే తప్ప నా కసి తీరదనుకున్నాను.

నేను ఉక్కునగరంలో కరెంటు పని చేస్తాను. తొందరపడలేదు. వాడు కొత్త షాపు తెరిచేదాకా ఆగాను. కొబ్బరికాయ కొట్టగానే, చేరిన జనం ముందే, కరెంటు పారే దారుంటే కూసే మీటర్‌ను కౌంటర్ మీద పెట్టాను. దాని తీగలు రెండు కొసలా చెక్కిన పెన్సిల్‌కు ఆనిస్తే మీటర్ కూసింది. టార్చి సెల్లులోని నల్ల కడ్డీకీ కూసింది.

"ఇదీ కార్బనే అన్నా. పొరలు పొరలుగా ఉంటాది, కరెంటుని పోనిత్తాది. నువ్వమ్మే బేటరీలో కూడా ఇదే, సార్జింగు ఆ పొరల్లోనే దాసుకుంటాది. ఇప్పుడిది సూడు."

అత్త కాటుక గాజుపలక మీద పూసి మీటర్ ఆనించాను. చప్పుడు లేదు. మసి నలుసులు ఆముదంలో విడివిడిగా మునిగి ఉంటే కరెంటు ఎలా నడుస్తుంది?

"మరి బేటరీ ఎందుకు సచ్చినట్టు? లోపల పాత సెల్లులెట్టినావా?"

వాడి మొహం మాడిపోయింది. "కొత్తదిచ్చెత్తాను, వదిలీ సెల్లీ" అన్నాడు.

"అదెలాగూ ఇత్తావు. నీ మనవరాల్ని ఎత్తుకుని పట్టపగలు మాయింటికి రా. మాయత్త సేత దిష్టి సుక్కెట్టించు."

వచ్చాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. అత్త కాటుక గిన్నె తెచ్చింది. పిల్ల బుగ్గ మీద చుక్క పెట్టి, ముద్దు పెట్టుకుని, కళ్లు తుడుచుకుంది. ఆవిడ మనసు మెత్తన. నాది కాదు.

వాడు లేవబోతే ఆపాను. మిగిలిన కాటుకంతా వేలికి తీసుకుని వాడి బుగ్గ మీద పులిమాను.

"తుడుసుకోకుండా ఎళ్లన్నా," అన్నాను.