ముడుల తాడు

దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్తగా లేచిన కాలనీలో రెబెక్కమ్మ పొద్దున్నే ప్రార్థన ముగించి, ఎవరూ చేద వేయకముందే, గాజులు పైకి ఎగదోసుకుని ముడులేసిన తాడును బావి అడుగుదాకా జారవిడిచేది. తడిసిన ముడులెన్నో తన ప్రహరీగోడ మీద బొగ్గుతో అన్ని గీతలు గీసేది. అన్ని వీధులవాళ్లూ తమ బావుల లెక్క అక్కడే గీసేవారు. ఆ ఎండాకాలం భూగర్భజలాల ఆఫీసరు వచ్చి, ఆ గోడ చూసి, కాలనీకి మంజూరైన ఒకే ఒక్క బోరును గీతలు తక్కువున్న వెనక వీధికి రాశాడు.

“రెండు గీతలు తక్కువ గీస్తే బోరు మన గల్లీకే ఒచ్చేది గదక్కా!” అని దెప్పింది పక్కింటి అనంతమ్మ.

“ఉన్న నీళ్లను లేవని ఎట్ల గీస్త చెల్లే? దేవుడు సూస్తలేడా?”

బోరు పడ్డనాడు వెనక వీధి ఆడవాళ్లు తొలి బిందె మోసుకొచ్చి ఆమె గడపలో దించారు. రెబెక్కమ్మ దోసిలి పట్టి కడుపునిండా తాగి, మూతి తుడుచుకుని, వాళ్ల చేతికి బొగ్గుముక్క అందించింది.

“సల్లగుండుండ్రి. సరేగని, ఇయ్యాల మీ బాయి కొలిచిండ్రా?”