ఒంటి మనిషి గంజి

ఊకబొగ్గు ఇటుకలు చేసే అచ్చుయంత్రాన్ని మా ఆయనా నేనూ ముచ్చటపడి కొన్నాం. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో రైస్ మిల్లు వెనకాల ఊక గుట్టలుగా పడి ఉండేది. దాన్ని డ్రమ్ములో గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును గంజితో కలిపి అచ్చులో నొక్కితే పొయ్యిలోకి ఇటుకలు తయారవుతాయని యంత్రం అమ్మినవాళ్ళు ట్రైనింగులో చెప్పారు. యంత్రం ఇంటికి వచ్చిన నెలకే మా ఆయన గుండెపోటుతో పోయారు. దాని మీద కప్పిన టార్పాలిన్ ఏడాది పాటు తీయలేదు.

తీసిన రోజున తెలిసింది, అది ఇద్దరు చేసే పని అని. ఒకరు అచ్చు నింపుతుంటే ఇంకొకరు మీట నొక్కాలి. నేనే నింపి, చేతులు తుడుచుకుని, అవతలివైపు వెళ్ళి, ఒంటి బరువంతా మీట మీద వేసేదాన్ని. సాయంత్రానికి నలభై అయ్యాయి. మర్నాడు ఎండకు అన్నీ పొడిపొడిగా రాలిపోయాయి. గంజి చాలలేదు. ఒంటి మనిషి వండుకునే గుప్పెడు బియ్యానికి గంజి ఎంతని వస్తుంది?

గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను.

“గంజి ఎక్కడిదండి? అందరివీ కుక్కర్లే కదా,” అంది ఎదురింటావిడ. మా ఆయన దినవారాలయ్యాక మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదలు. ఖాళీ గిన్నెతోనే తిరిగి వచ్చాను.

చివరికి బస్టాండు దగ్గర మెస్ నడిపే పెద్దావిడను అడిగాను.

“రోజూ ఇలా పదకొండింటికి పారబోసేదేగా, పట్టుకెళ్ళు. ఏంటమ్మా, గేదె ఉందా?”

“లేదండి. ఊకబొగ్గులో కలపడానికి.”

“ఇంట్లో ఇంకెవరుంటారు?”

“నేనొక్కదాన్నేనండి.”

ఆవిడ స్టీలు క్యాను నింపి, మూత బిగించి అందించింది. “కాలుతోంది, జాగ్రత్త.”

చంకన పెట్టుకున్న ఆ క్యాను దారిపొడవునా వెచ్చగా ఒంటికి తగులుతూనే ఉంది. రెండుసార్లు ఆగాను. బరువై కాదు, ఏడుపు వచ్చి.

ఈసారి ఇటుకలు గట్టిగా నిలిచాయి. మొదటి బస్తా ఆ మెస్‌కే ఇచ్చాను. పెద్దావిడ పొయ్యిలో నాలుగు వేసి, వంగి చూసి, “పొగే లేదే!” అని మురిసిపోయింది. అప్పటినుంచీ వారానికో బస్తా తీసుకుంటోంది.

గంజి కోసం వెళ్ళినప్పుడల్లా, “కూర్చో, నాలుగు ముద్దలు తిని వెళ్ళు,” అంటుంది. ఇంట్లో వండేశానండీ అని అబద్ధమాడి వచ్చేస్తుంటాను. నలుగురి మధ్య విస్తరి ముందు కూర్చోవడం నాకింకా చేతకావడం లేదు.