పెళ్లి క్యాసెట్ల చివర రాగికండ్లోడు

మామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఎవరో తెలియనివాళ్ల పెళ్లి చూస్తున్నాను. ఆత్మకూర్‌లో ఎప్పుడో జరిగిన పెళ్లి. పెళ్లికొడుకు తలపాగా మాటిమాటికీ చెవుల మీదికి జారిపోతోంది. అత్త ఫోనులో రెండు ముక్కలే అంది. "మీ మామ లేడు బిడ్డా. పొద్దుగాల దుకాణంల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు." నేను ల్యాప్‌టాప్ ఆపలేదు. పెళ్లి దాని దారిన అది నడుస్తూనే ఉంది. మధ్యలో ఆపడం మామకు నచ్చేది కాదు.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పుకోకపోతే మిగతాది చెప్పలేను. రెండేళ్లుగా నేను పెళ్లి క్యాసెట్లు చూస్తున్నాను. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఆడపిల్ల తలుపు వేసుకుని ఒకదాని తర్వాత ఒకటి పెళ్లిళ్లు చూస్తుంటే మిర్యాలగూడలో దానికి ఒకటే అర్థం. మా నాన్న ఆ అర్థమే తీసుకున్నాడు. "పిల్ల నోరు తెర్సి అడుగలేక గట్ల సూస్తుంది. మనమే తెల్సుకోవాలె" అని అమ్మతో అంటుంటే నా గదిలోకి వినపడింది. బయోడేటా తయారైంది. హాబీలు అన్నచోట 'సంప్రదాయ వేడుకలు చూడటం' అని రాశారు. పెళ్లిళ్ల మీద నాకు ద్వేషమేమీ లేదు. కానీ నేను చూస్తున్నది పెళ్లిని కాదు. పెళ్లి అయిపోయాక టేపులో వచ్చేదాన్ని.

మామ అంటే అమ్మ సొంత తమ్ముడు. కోదాడలో ఇంటి ముందు గదే ఆయన వీడియో దుకాణం. పెళ్లిళ్లు కొత్తగా క్యాసెట్లకు ఎక్కుతున్న రోజుల్లో, నేను పుట్టకముందు, మునగాల నుంచి మిర్యాలగూడ దాకా ఎక్కడ పందిరి వేసినా కెమెరా భుజాన పెట్టుకుని ఈయనే కనిపించేవాడట. ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో 'ఆరో వలయం' అని ఒక అంతరిక్షం సీరియల్ వచ్చేది. ఏళ్ల తరబడి సాగింది. ఓడ అట్టముక్కలతో చేసిందని చూడగానే తెలిసిపోయేది. నక్షత్రాలంటే నల్లగుడ్డకు పొడిచిన చిల్లులు. అందులో తామ్రాక్షుడనే దుర్మార్గుడు ఉండేవాడు. అగ్నిపర్వతంలో పడేవాడు, కాలి బూడిదయ్యేవాడు, కాలం పగులులో ఇరుక్కుపోయేవాడు, ఆరునెలలకు నవ్వుకుంటూ మళ్లీ వచ్చేవాడు. కళ్ల మీద రెండు రాగి మూతలు పెట్టుకునేవాడు కాబట్టి మావైపు జనం వాడిని రాగికండ్లోడు అన్నారు.

ఆదివారమైనా మామ దుకాణంలోనే ఉండేవాడు. ఖాళీ క్యాసెట్టు కొని దగ్గర పెట్టుకోవాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. సీరియల్ మొదలయ్యే వేళకు వీసీఆర్ డెక్కులో ఎవరి పెళ్లి ఉంటే ఆ పెళ్లి చివర మిగిలిన టేపులోకి ఎపిసోడ్ ఎక్కించేసేవాడు. తీరిగ్గా ఇంకోసారి చూసుకుని చెరిపేద్దామనుకునేవాడు. ఈలోగా పెళ్లివాళ్లు వచ్చి క్యాసెట్టు పట్టుకుపోయేవాళ్లు. ఆ సీరియల్ తీసినవాళ్లు పాత టేపుల మీదే కొత్త కార్యక్రమాలు ఎక్కించేశారని, ఒక్క ఎపిసోడూ మిగల్లేదని చాలా ఏళ్ల తర్వాత ఆయన చెవిన పడింది. ఆ రోజు అన్నం తినలేదని అత్త చెప్పింది. మర్నాడు లేచి ఒక నోట్‌బుక్కు తీసి, ఏ ఎపిసోడ్ ఎవరి బీరువాలో ఉండొచ్చో గుర్తు తెచ్చుకుని రాయడం మొదలుపెట్టాడు.

సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. శనివారం వస్తే చాలు, బస్సెక్కి కోదాడ పోయేదాన్ని. మామ కొత్త నోటును స్పిరిట్‌లో తడిపి, డెక్కులో టేపును చదివే హెడ్డు తుడుస్తూ ఉండేవాడు. బూజు పట్టిన టేపును ఫ్యాన్ కింద ఆరబెట్టి, వేలితో చుట్టు తిప్పుతూ, ఒక్కో మడతా సరిచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడు. టేపు తిరుగుతున్నంతసేపూ లేచేవాడు కాదు. బొమ్మ అయిపోయి తెల్లచుక్కలు పడుతున్నా, డెక్కు దానంతట అది టక్కున ఆగేదాకా కూర్చునేవాడు.

"బొమ్మ అయిపోయింది గదా మామా, ఇగ బంద్ చెయ్యి" అంటే, "నీకేం తెల్సు పిల్లా? దాని కింద ఏమున్నదో" అనేవాడు.

ఒకరోజు నేను వాదన పెట్టుకున్నాను. వాడు పోయినసారి మంటల్లో కాలిపోయాడు కదా, మళ్లీ ఎలా వచ్చాడు, కథ రాసేవాళ్లకు సిగ్గు లేదా అని. మామ టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ చెప్పాడు. "సచ్చినోడు మళ్ల వచ్చిండంటే వాడు గొప్పోడని కాదు పిల్లా. మనం ముందుగాలనే టీవీ బంద్ చేసినమని."

నోట్‌బుక్కులో మనుషుల పేర్లు ఉండేవి కావు. 'కరెంటు పోయిన పెళ్లి, ఆత్మకూర్.' 'పందిరి కూలిన పెళ్లి, త్రిపురారం.' 'పెళ్లికూతురు నవ్వు ఆపలేకపోయిన పెళ్లి, మునగాల అవతల.' ఆయన మనుషులను అలా గుర్తుపెట్టుకునేవాడు. ఆయన చదువుతుంటే నేను ఫోనులో రాసుకుని ఊళ్లు తిరిగేదాన్ని. ఆత్మకూర్‌లో ఒకావిడ బీరువా అడుగునుంచి జాకెట్టు గుడ్డలో చుట్టిన క్యాసెట్టు తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఓ, గా రాగికండ్లోన్ని ఎక్కిచ్చింది మీ మామనా? ఇన్నేండ్ల సంది ఎవడా అని తిట్టుకుంటున్న."

"తప్పైపోయిందట పెద్దమ్మా, చెప్పమన్నడు."

"తప్పేముంది తియ్. మా పిల్లలు పెండ్లంత గిర్రున ముందుకు తిప్పి వాన్నే సూస్తుండిరి. మా పెండ్లి ఎవ్వడూ సూడలే!"

ఆ క్యాసెట్టు నుంచి తీసిన కాపీనే మామ పోయిన పొద్దున నేను చూస్తున్నది. పెన్‌డ్రైవ్‌లో ఆవిడ పెళ్లి ఆవిడకు తిరిగి ఇచ్చేశాం. ఎవరి పెళ్లి వాళ్లకు, చివరిది మాకు. ఇదీ మామ పెట్టిన లెక్క. అలా ఒక్కొక్కటే దొరుకుతుంటే, అన్నింటికంటే కావలసింది మాత్రం దొరకలేదు. రాగికండ్లోడు మొట్టమొదట చచ్చి తిరిగొచ్చిన ఎపిసోడ్. ముందుదాంట్లో లోయలో పడి ఉంటాడు, తర్వాతిదాంట్లో సింహాసనం మీద ఉంటాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అది ఎక్కడుందని అడిగితే మామ నోట్‌బుక్కు మూసేసేవాడు. "ఉన్నకాడ ఉన్నది. సల్లగుండనీ."

అమ్మకూ మామకూ మాటలు లేకపోవడమంటూ లేదు. అమ్మ కోదాడ పోయేది, రాఖీ కట్టేది, ఆయన పెట్టిన చీర కట్టుకునేది. కానీ ఆయన కెమెరాను మా గడప తొక్కనిచ్చేది కాదు. నా ఓణీల ఫంక్షన్‌కు మిర్యాలగూడలోనే వేరే ఫొటోగ్రాఫర్‌ను పెట్టింది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు, మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, కాసేపు కట్టుకున్నాడు. మామను తలుచుకుంటే నాకు ముందు ఆ చేతులే గుర్తొస్తాయి. ఎందుకమ్మా అంటే అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

చెప్పింది అత్త, మామ పదకొండో రోజున. చుట్టాలు భోజనాలు చేసి చేతులు కడుక్కుంటున్నారు. దుకాణం గదిని ఎవరో సెల్‌ఫోన్ల షాపుకు అడుగుతున్నారని, సామానంతా పాత ఇనుపసామాన్లవాడు వచ్చి తీసుకుపోతాడని మాటలు నడుస్తున్నాయి. అత్త నన్ను పక్కకు పిలిచి నోట్‌బుక్కు చేతిలో పెట్టింది. నేను మొదటి పేజీ తీశాను. మామ నాకు ఎప్పుడూ చదివి వినిపించని పేజీ అదే.

'అక్క పెళ్లి. మిర్యాలగూడ. అడుగొద్దు. ఎప్పుడన్న పెడితే ఆఖరుదాకా పోనియ్యాలె.'

అమ్మ పెళ్లి క్యాసెట్టు మిర్యాలగూడకు వచ్చిన రోజు అత్తవారింట్లో వీసీఆర్ కిరాయికి తెచ్చి వాడకట్టునంతా పిలిచారట. అప్పగింతలు మొదలై, అమ్మ చేతిని పాల పళ్లెంలో పెట్టడానికి అమ్మవాళ్ల నాన్న, మా తాత, ముందుకు వంగగానే తెర మీద గీతలు పడి రాగికండ్లోడు వికవికా నవ్వాడు. ఇల్లంతా పడీపడీ నవ్వింది. అమ్మ లేచి స్విచ్చి తీసేసింది. ఆ ఏడు తిరగకుండానే తాత పోయాడు. కదిలే తాత ఉన్నది ఆ అప్పగింతల్లోనే. బతికున్నప్పుడు ఆయనను ఇంకో వీడియోలో ఎవరు తీశారు?

"గది పట్టింపు లేక జరిగింది గాదు బిడ్డా, ప్రేమకు జరిగింది" అంది అత్త. "మీ తాత ఏడ్సేది మీ మామ మల్లమల్ల ఎనకకు తిప్పి సూస్తున్నడట. సూస్కుంట ఏడుస్తున్నడట. సీరియల్ టైమైంది. టేపు ఆఖర్ల ఉన్నదనుకొని ఎక్కిచ్చే ఎర్రబటన్ ఒత్తిండు. నాలుగైదుసార్లు చెప్పబోయిండు మీ అమ్మకు. వినలే."

అమ్మ మా వెనకే నిలబడి ఉందని మేము చూడలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుని చుట్టాల్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడోరోజు మిర్యాలగూడలో పొద్దున్నే బీరువా చప్పుడైంది. అమ్మ కింది అరలోంచి, పెళ్లినాటి చేతిరుమాల్లో చుట్టిన క్యాసెట్టు తెచ్చి నా మంచం మీద పెట్టింది. పారేసి ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ. "ఇది ఇంక నడుస్తదా?" అంది. పది గంటల బస్సుకు కోదాడ పోయాం.

దుకాణంలో సామాను ఇంకా తీయలేదు. మామ కుర్చీలో అమ్మ కూర్చుంది. నేను నోటు తడిపి హెడ్డు తుడిచాను. క్యాసెట్టు మూలనున్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేశాను. అది విరిస్తే ఇక దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు. మామ ఆ ఒక్క పని ఆ రోజు చేసి ఉంటే!

అప్పగింతలు వచ్చాయి. పాల పళ్లెం. వంగుతున్న తాత భుజం. గీతలు. నవ్వు. అమ్మ చెయ్యి దానంతట అదే బటన్ మీదికి పోయింది. నేను పట్టుకున్నాను.

"ఉండమ్మా."

"ఏముంటా? నా కర్మ."

కూర్చుంది. ముందు గోడకేసి చూసింది. తర్వాత నేలకేసి. పది నిమిషాలకు తెరకేసి.

"గీడు లోయల పడ్డడంటివి గదనే, ఎట్ల బతికిండు?"

"సూడు మరి."

లోయలో పడింది వాడు కాదు, వాడి అంగీ మాత్రమే. అమ్మ "థూ, గింతేనా!" అంది. ఎన్నో ఏళ్లుగా మామ, రెండేళ్లుగా నేను వెతుకుతున్న రహస్యం అది. నాకు నవ్వొచ్చింది, మామ ఉంటే ఆయనా నవ్వేవాడని ఏడుపూ వచ్చింది. ఎపిసోడ్ అయిపోయింది. తెల్లచుక్కలు పడ్డాయి. అమ్మ లేవబోయింది.

"ఖతమైంది గదా."

"మామ ఆఖరుదాకా అన్నడు."

చుక్కలు పోయి పందిరి గుంజ కనిపించింది. మామ ఎక్కించింది అయిపోయినచోట, దాని కింది పెళ్లి అలాగే ఉంది. ముస్తాబైన కారు. తాత కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు, మూయాలో వద్దో తేలనట్టు. భుజం మీద తువ్వాల. బొమ్మ అటూ ఇటూ ఊగుతోంది. కెమెరా వెనకనుంచి ఇంకా ముదరని గొంతు ఒకటి, ముక్కు ఎగబీలుస్తూ, "నాయినా, గిటు సూడు. జర నవ్వు" అంది.

తాత ఇటు తిరిగాడు. నవ్వలేదు. తువ్వాలతో మొహం తుడుచుకుని, సూటిగా మా కళ్లలోకి చూస్తూ, "ముందుగాల నువ్వు ఏడ్సుడు ఆపు బిడ్డా" అన్నాడు.

కారు కదిలింది. దుమ్ము. ఖాళీ వాకిలి చాలాసేపు. తీసేవాడికి ఆపడం చేతకాలేదు. డెక్కు టక్కున ఆగింది. అమ్మ తెరను చూస్తూనే ఉంది. "మల్ల తిప్పు" అంది. తిప్పాను. మళ్లీ తిప్పమంది. మూడోసారి తాతను కాదు, ఆ గొంతును వినడానికి కళ్లు మూసుకుంది.

మామ గురించి నేను చెప్పగలిగేది ఇంతే. టేపులు బాగుచేయడం పూర్తిగా నేర్పకుండానే పోయాడు, కానీ చివరిదాకా కూర్చోవడం నేర్పాడు.

ఈ ఆదివారం నాన్న కుదిర్చిన పెళ్లిచూపులకు నేను ఇంట్లో ఉండను. నాన్నకు చెప్పేశాను. దుకాణం గది ఎవరికీ ఇవ్వవద్దని అత్తకు చెప్పాను, తాళంచెవి నా దగ్గరే ఉంది. నోట్‌బుక్కులో ఇంకా తొమ్మిది పెళ్లిళ్లు మిగిలి ఉన్నాయి. ఆదివారం పొద్దున త్రిపురారం పోతున్నాను, పందిరి కూలిన పెళ్లి ఇంటికి.